మొరాయిస్తున్న మ్యాక్రోలు.. లోపం ర్యామ్‌లో లేదు!

* పన్ను లెక్కల ఫారాల్లో ‘మెమరీ చాలదు’ సందేశాలు
* కంప్యూటర్ మార్చేముందు చూసుకోవలసిన అంశాలెన్నో
* సగంలో ఆగిన ఫారంతో తప్పుడు అంకెల ముప్పు

చేవెళ్ల, మొయినాబాద్: ఫిబ్రవరి వచ్చిందంటే ఉపాధ్యాయులకు, ప్రభుత్వోద్యోగులకు పన్ను లెక్కల కాలం వచ్చినట్లే. ఏడాది పొడవునా అందుకున్న జీతమెంత, చేసిన పొదుపెంత, చెల్లించవలసిన పన్నెంత అనే వివరాలతో లెక్కల పత్రాన్ని జీతాల బిల్లు వెళ్లేలోగా అధికారికి అందజేయాలి. ఈ లెక్కలను కాగితంపై చేత్తో వేసుకునేవారు ఇప్పుడు అరుదు. ఎక్సెల్‌లో మ్యాక్రోలతో రూపొందించిన ఫారాలే అందరికీ ఆధారం. పేరు, మూలవేతనం, ఇంక్రిమెంటు నెల, పొదుపు వివరాలు నింపి ఒక మీట నొక్కితే పత్రాలన్నీ సిద్ధమవుతాయి. చిక్కల్లా ఆ మీట నొక్కినప్పుడే వస్తోంది.

తెర స్తంభించి ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఒకసారి, ‘నాట్ ఎనఫ్ సిస్టమ్ రిసోర్సెస్ టు డిస్‌ప్లే కంప్లీట్లీ’ అని మరొకసారి, ‘ఎక్సెల్ కెనాట్ కంప్లీట్ దిస్ టాస్క్ విత్ అవైలబుల్ రిసోర్సెస్’ అని ఇంకొకసారి సందేశాలు ప్రత్యక్షమవుతుంటాయి. పనికి తగిన వనరులు చాలడం లేదన్నదే మూడింటి సారాంశం. ‘సార్, ర్యామ్ చాలట్లేదు, వేయించుకోవాల్సిందే’ అన్న మాట ఇంటర్నెట్ కేంద్రాల్లో తరచూ వినిపిస్తుంది. దానిని నమ్మి వేల రూపాయలు వెచ్చించి ర్యామ్ పెంచుకున్నా, మరుసటి రోజు అదే ఫారం అదే చోట ఆగిపోతే చేసేదేముంది? చాలా సందర్భాల్లో లోపం యంత్రంలో ఉండదు. ఫైల్‌లో గాని, ఫారం తెరిచి మూసే పద్ధతిలో గాని ఉంటుంది.

ఉపాధ్యాయులే రూపకర్తలు

తెలుగు రాష్ట్రాల్లో వాడుకలో ఉన్న ఈ ఫారాల్లో అధిక భాగం పెద్ద సంస్థలు తయారుచేసినవి కావు. కంప్యూటర్‌పై ఆసక్తి గల ఉపాధ్యాయులు, ఉద్యోగులు బడి వేళలు ముగిశాక కూర్చుని రూపొందించి, తోటివారికి ఉచితంగా పంచిపెట్టినవే. ఎక్సెల్‌లో మ్యాక్రోలు రాసేందుకు వీలు కల్పించే ‘విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్’ 1993లో వెలువడిన ఎక్సెల్ 5తో అందుబాటులోకి వచ్చింది. అందులోని ‘యూజర్ ఫారం’ సదుపాయమే ఈ లెక్కల పత్రాలకు ముఖద్వారం.

వేతన సవరణ జరిగిన ప్రతిసారీ వీటి అవసరం మరింత పెరుగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో 39 శాతం, తెలంగాణలో 2015లో 43 శాతం, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్‌తో వేతనాలు సవరించారు. 2021 నాటి సవరణనే తీసుకుంటే, కొత్త వేతనం 2018 జులై 1 నుంచి నామమాత్రంగానూ, ఆర్థిక ప్రయోజనం 2020 ఏప్రిల్ 1 నుంచీ వర్తించాయి. అంటే ఒక్కొక్కరి వేతనాన్ని మూడేళ్ల వెనుక నుంచి నెలనెలా తిరగరాసుకుంటూ రావాలి. మధ్యలో పదోన్నతి, ఇంక్రిమెంటు, సెలవు ఏది ఉన్నా లెక్క మారుతుంది.

పన్ను నిబంధనలూ స్థిరంగా ఉండవు. 2024-25 ఆర్థిక సంవత్సరం నడుస్తుండగానే జులైలో వచ్చిన పూర్తిస్థాయి బడ్జెట్ కొత్త విధానంలోని శ్లాబులను మార్చింది. ప్రామాణిక తగ్గింపును రూ.50 వేల నుంచి రూ.75 వేలకు పెంచింది. పాత విధానంలో అది రూ.50 వేలుగానే ఉంది. ఇటువంటి ప్రతి మార్పుకూ రూపకర్త కొత్త ఫైల్ మొదలుపెట్టడు. పాత దానికే కొత్త షీట్లు, కొత్త ఫారాలు, కొత్త సూత్రాలు అతికిస్తాడు. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ బరువే ఒకనాడు ‘వనరులు చాలవు’ అన్న సందేశంగా బయటపడుతుంది.

అసలు ఆ సందేశానికి అర్థమేమిటి?

చేలో టమాటా ఎంత పండినా ట్రాలీ ఆటోలో పట్టేది దాని కొలత మేరకే. కంప్యూటర్‌లోని ర్యామ్ చేను వంటిది. ఎక్సెల్ ఆ ట్రాలీ వంటిది. 32 బిట్ ఎక్సెల్‌కు విండోస్ కేటాయించే మెమరీ పరిధి మొదటి నుంచీ 2 జీబీ మాత్రమే. ఎక్సెల్ ప్రోగ్రాం, తెరిచి ఉంచిన ఫైళ్లన్నీ, యాడ్-ఇన్‌లు, మ్యాక్రోలు, ఫారాలు అన్నీ ఆ పరిధిలోనే సర్దుకోవాలి. కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ ఉన్నా, 16 జీబీ ఉన్నా ఆ హద్దు మారదు. 2016లో వచ్చిన మార్పుల తరువాత, 64 బిట్ విండోస్‌పై నడిచే 32 బిట్ ఎక్సెల్‌కు ఈ పరిధి 4 జీబీ వరకు పెరిగింది. 64 బిట్ ఎక్సెల్‌కు ఈ ఇరుకు లేదు. ఆఫీస్ 2010తో తొలిసారి 64 బిట్ రూపం వచ్చింది.

మెమరీతో పాటు మరో పరిమితి కూడా ఉంది. తెరపై కనిపించే ప్రతి కిటికీ, మీట, బొమ్మ, అక్షర శైలికి విండోస్ ఒక్కొక్క గుర్తును కేటాయిస్తుంది. ఒక ప్రోగ్రాంకు ‘యూజర్ ఆబ్జెక్ట్స్’ 10 వేలు, ‘జీడీఐ ఆబ్జెక్ట్స్’ 10 వేలు మించకూడదన్నది సాధారణ హద్దు. ఫారం తెరిచిన ప్రతిసారీ ఈ గుర్తులు పెరిగి, మూసినా తగ్గకపోతే ర్యామ్ ఎంత ఖాళీగా ఉన్నా ఫారం తెరపై సగమే గీయబడుతుంది. మీటలు మాయమవుతాయి, గడులు నల్లబడతాయి.

వాడుకరులు చూడవలసినవి

ఈ ఫారాల్లో మ్యాక్రో భాగానికి తరచూ సంకేతపదంతో తాళం వేసి ఉంటుంది. కనుక వాడుకరి లోపలికి వెళ్లి సవరించలేడు. అయినప్పటికీ బయటి నుంచే చేయదగిన పరీక్షలు చాలా ఉన్నాయి. ఫైల్‌కు ముందుగా ఒక నకలు తీసి, ఆ నకలుపైనే ఈ వరుసలో ప్రయత్నించాలి.

1. మిగిలిన ఎక్సెల్ ఫైళ్లన్నీ మూసివేయాలి. పదిమంది ఉపాధ్యాయుల ఫైళ్లను ఒకేసారి తెరిచి ఒక్కొక్కటిగా ముద్రించే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ పది ఫైళ్ల బరువూ ఒకే బండిపై పడుతుంది. ఎక్సెల్‌ను పూర్తిగా మూసి, ఒక్క ఫైల్‌నే తెరిస్తే సమస్య తీరిందంటే లోపం ఇక్కడే ఉన్నట్లు.

2. ఎక్సెల్ 32 బిట్‌దా, 64 బిట్‌దా తెలుసుకోవాలి. ‘ఫైల్’లో ‘అకౌంట్’, అందులో ‘అబౌట్ ఎక్సెల్’ తెరిస్తే మొదటి వరుసలోనే ఉంటుంది.

3. అన్ని షీట్లలో జూమ్‌ను 100 శాతానికి మార్చాలి. ఒక షీట్ 85 శాతం, మరొకటి 120 శాతంలో ఉండి, వాటిలో మీటలు, బొమ్మలు అధికంగా ఉన్నప్పుడు ‘డిస్‌ప్లే కంప్లీట్లీ’ సందేశం వస్తుంటుంది. ఖర్చు లేని ఈ చిన్న మార్పు అనేక సందర్భాల్లో ఫలితమిచ్చింది.

4. ప్రతి షీట్‌లోనూ కంట్రోల్, ఎండ్ మీటలు కలిపి నొక్కాలి. ఎక్సెల్ దృష్టిలో ఆ షీట్ ఎక్కడ ముగుస్తుందో కర్సర్ అక్కడికి వెళ్తుంది. వివరాలు 60వ వరుసలో ముగిసినా కర్సర్ 65,536వ వరుసకో, 10,48,576వ వరుసకో దూకిందంటే ఖాళీ గడులు వృథాగా బరువు మోస్తున్నాయని అర్థం. మొదటి సంఖ్య ఎక్సెల్ 2003 వరకు ఉన్న చివరి వరుస. రెండోది ఎక్సెల్ 2007 నుంచి ఉన్నది. ఆ ఖాళీ వరుసలను ఎంపిక చేసి ‘డిలీట్’ చేయాలి. లోపలి అంకెలను తుడిస్తే చాలదు. పిమ్మట భద్రపరచి, మూసి, మళ్లీ తెరవాలి. షీట్‌కు తాళం ఉంటే ఈ పని రూపకర్తకే వదిలివేయాలి.

5. ఇతర ఫైళ్ల నుంచి అంకెలు తెచ్చి అతికించేటప్పుడు ‘పేస్ట్ స్పెషల్’లో ‘వాల్యూస్’నే ఎంచుకోవాలి. నేరుగా అతికిస్తే రంగులు, గీతలు, అక్షర శైలులు కూడా వెంట వచ్చి చేరతాయి. పాత ఎక్స్ఎల్ఎస్ ఫైల్‌లో గడుల రూపాల రకాలు సుమారు 4 వేలు దాటితే ‘టూ మెనీ డిఫరెంట్ సెల్ ఫార్మాట్స్’ సందేశం వస్తుంది. ఎక్సెల్ 2007 నుంచి ఈ హద్దు సుమారు 64 వేలు.

6. టాస్క్ మేనేజర్ తెరిచి ‘డీటెయిల్స్’ విభాగంలో ‘జీడీఐ ఆబ్జెక్ట్స్’, ‘యూజర్ ఆబ్జెక్ట్స్’ నిలువు వరుసలను చేర్చుకోవాలి. ఫారాన్ని పదిసార్లు తెరిచి మూస్తూ ఎక్సెల్ ఎదుట ఉన్న అంకెను గమనించాలి. మూసినప్పుడు అంకె తగ్గకుండా పైపైకి పోతుంటే లోపం ఫారం నిర్మాణంలోనే ఉందని తేలినట్లు. ఈ ఒక్క సమాచారం రూపకర్తకు చేరవేస్తే అతనికి సగం శ్రమ తప్పుతుంది.

7. అవసరం లేని యాడ్-ఇన్‌లను తాత్కాలికంగా నిలిపివేయాలి. డిఫాల్ట్ ప్రింటర్ పనిచేస్తున్నదో లేదో చూడాలి. పేజీ అమరికకు సంబంధించిన ప్రతి ఆజ్ఞకూ ఎక్సెల్ ప్రింటర్‌ను సంప్రదిస్తుంది. ప్రింటర్ జవాబివ్వకపోతే ఫారం అక్కడే ఆగుతుంది. పీడీఎఫ్ ప్రింటర్‌ను డిఫాల్ట్‌గా పెట్టి ప్రయత్నిస్తే తేడా తెలుస్తుంది.

పేరు మెమరీది.. జబ్బు వేరొకటి

అన్ని సందేశాలూ బరువు వల్లనే రావు. ఫారంలోని ఏదో ఒక భాగం ఆ కంప్యూటర్‌లో లేకపోయినా మ్యాక్రో ఆగిపోతుంది. పుట్టినతేదీ, ఇంక్రిమెంటు తేదీ ఎంచుకునేందుకు పాత ఫారాల్లో ఉపయోగించిన క్యాలెండర్ భాగాన్ని ఆఫీస్ 2010 నుంచి తొలగించారు. అటువంటి ఫారం కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడం సహజం. ‘కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ’ అన్న సందేశం వస్తే వెతకవలసింది ర్యామ్‌ను కాదు, తప్పిపోయిన ఈ భాగాన్ని.

2014 డిసెంబరులో వచ్చిన భద్రతా నవీకరణ తరువాత షీట్లపై ఉన్న మీటలు ఒక్కసారిగా పనిచేయడం మానివేశాయి. తాత్కాలిక ఫోల్డర్‌లో మిగిలిపోయిన ఈఎక్స్‌డీ అనే పాత ఫైళ్లే అందుకు కారణం. ఎక్సెల్‌ను మూసి వాటిని తొలగిస్తే, ఎక్సెల్ వాటిని తిరిగి తానే సృష్టించుకుంటుంది. మీటలు నొక్కినా చలనం లేనప్పుడు నేటికీ ప్రయత్నించదగిన చికిత్స ఇది.

ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైళ్లలోని మ్యాక్రోలను 2022 నుంచి ఆఫీస్ డిఫాల్ట్‌గా అడ్డుకుంటోంది. పైన ఎర్రని పట్టీ కనిపిస్తే అది మెమరీ లోపం కాదు. ఫైల్‌పై కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లో ‘అన్‌బ్లాక్’ ఎంచుకుంటే అడ్డు తొలగుతుంది. అయితే ఫైల్ ఎవరు తయారుచేశారో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినప్పుడే ఆ పని చేయాలి. మొబైల్ ఫోన్‌లోని ఎక్సెల్‌లో ఈ మ్యాక్రోలు పనిచేయవు. ఫైల్‌ను ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌గా భద్రపరిస్తే మ్యాక్రోలు పూర్తిగా తొలగిపోతాయన్నది కూడా మరువరాదు.

రూపకర్తలు పాటించవలసినవి

ఫారం మూసే విధానమే అన్నిటికన్నా ముఖ్యం. ‘హైడ్’ ఆజ్ఞతో ఫారం కనుమరుగవుతుందే గాని మెమరీలో అలాగే ఉంటుంది. ‘అన్‌లోడ్’ ఆజ్ఞతోనే అది ఆక్రమించిన చోటు ఖాళీ అవుతుంది. పన్ను, వేతన స్థిరీకరణ, బకాయిలు, పొదుపు అంటూ ఒకదాని నుంచి మరొకటి తెరుచుకునే పది ఫారాలు దాగి ఉంటే పదీ బరువే. చివరి మీట నొక్కినప్పుడు అన్నిటినీ అన్‌లోడ్ చేసే ఏర్పాటు ఉండాలి. మ్యాక్రో తెరిచిన ఇతర ఫైళ్లను మ్యాక్రోయే మూయాలి.

నేపథ్య చిత్రాల మోజు తగ్గించుకోవాలి. వెయ్యి పిక్సెళ్ల వెడల్పు, ఏడు వందల పిక్సెళ్ల ఎత్తు గల బొమ్మ ఫైల్‌గా 100 కేబీయే ఉండవచ్చు. తెరపైకి వచ్చేసరికి పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున 21 లక్షల బైట్లు ఆక్రమిస్తుంది. అంకెలు చదివేటప్పుడు నిలువు వరుసను మొత్తం కాక, వివరాలున్నంత మేరకే తీసుకోవాలి. 32 బిట్ ఎక్సెల్‌లో ఒక ‘వేరియంట్’కు 16 బైట్లు కావాలి. 10,48,576 వరుసలు గల ఒక్క నిలువు వరుసను మెమరీలోకి తీసుకుంటే ఖాళీ గడులకే 16 ఎంబీ ఖర్చవుతుంది.

మార్చి జీతం నుంచి ఫిబ్రవరి జీతం వరకు 12 నెలలకు ఒకే ఆజ్ఞల వరుసను 12 సార్లు రాయడం మరో పొరపాటు. ఒక ప్రొసీజర్ కంపైల్ అయ్యాక 64 కేబీ దాటితే ‘ప్రొసీజర్ టూ లార్జ్’ అంటూ నిలిచిపోతుంది. లూప్‌తో రాస్తే పదోవంతు వరుసలు చాలు. గడి మారినప్పుడు పనిచేసే మ్యాక్రో తానే మరో గడిని మార్చితే, అది మళ్లీ తననే పిలుచుకుని ‘అవుట్ ఆఫ్ స్టాక్ స్పేస్’ వద్ద ఆగుతుంది. ఆ సమయంలో ఈవెంట్లను నిలిపి, పని ముగియగానే తిరిగి ప్రారంభించాలి. 64 బిట్ ఆఫీస్‌లో విండోస్ ఆజ్ఞలను పిలిచే ప్రకటనలకు ‘పీటీఆర్‌సేఫ్’ పదం తప్పనిసరి.

అంకెలు సరిచూశాకే సంతకం

ఫారం ఆగిపోవడం వల్ల కలిగే అసలు నష్టం ఆలస్యం ఒక్కటే కాదు. వేగం కోసం చాలా మ్యాక్రోలు ప్రారంభంలోనే ఎక్సెల్ గణనను ‘మాన్యువల్’కు మార్చి, చివరలో తిరిగి ‘ఆటోమేటిక్’ చేస్తాయి. మధ్యలో మెమరీ లోపంతో ఆగిపోతే ఆ చివరి ఆజ్ఞ అమలు కాదు. అప్పుడు ఎన్ని అంకెలు మార్చినా కింది మొత్తం మారదు. పాత మొత్తమే నిబ్బరంగా కనిపిస్తుంది. ఆ పత్రమే ముద్రణకు వెళ్తుంది. తెర అడుగున ఎడమవైపు ‘కాలిక్యులేట్’ అన్న మాట కనిపిస్తే అనుమానించాలి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 మీటలు కలిపి నొక్కితే లెక్కలన్నీ మళ్లీ జరుగుతాయి. 

దాగి ఉన్న ఫారంతో మరో ప్రమాదముంది. అన్‌లోడ్ కాని ఫారంలో ముందు వ్యక్తి నింపిన వివరాలు అలాగే నిలిచి ఉంటాయి. ఒకే కంప్యూటర్‌పై వరుసగా పలువురి పత్రాలు తయారుచేసే చోట ఒకరి బీమా ప్రీమియం, గృహరుణ వడ్డీ మరొకరి లెక్కలో చేరే అవకాశం లేకపోలేదు. మెమరీని మింగుతున్న లోపమే లెక్కనూ తప్పిస్తుంది. రెండింటి మూలం ఒక్కటే. పత్రంపై సంతకం మాత్రం ఉద్యోగిదే. తేడా వస్తే సంజాయిషీ ఇచ్చుకోవలసిందీ అతనే.

అందుకే సంతకానికి ముందు కొన్ని అంకెలను చేత్తో సరిచూసుకోవాలి. వృత్తిపన్ను నెలకు రూ.200 కోత పడుతున్నవారికి 12 నెలలకు రూ.2,400 రావాలి. రూ.2,200 ఉందంటే ఒక నెల లెక్కలోకి రాలేదన్నమాట. ఇంక్రిమెంటు నెలలో మూలవేతనం మారిందా, కరవు భత్యం బకాయిలు ఒకసారే చేరాయా, ఎంచుకున్న పన్ను విధానానికి తగిన ప్రామాణిక తగ్గింపే పడిందా చూడాలి. ఇంటి అద్దె భత్యం శాతం పాఠశాల ఉన్న చోటును బట్టి మారుతుంది. చేవెళ్లలో పనిచేసిన వారి ఫైల్‌ను మొయినాబాద్‌లో వారు నకలు చేసుకుంటే ఆ గడిని తప్పక పరిశీలించాలి.

పాన్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఉండే పత్రాలు కనుక ఇంటర్నెట్ కేంద్రంలో పని ముగిశాక ఫైల్‌ను అక్కడి కంప్యూటర్ నుంచి తొలగించి రావాలి. రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయించాలి.

గుర్తుంచుకోండి..

* సందేశాన్ని ఉన్నదున్నట్లు రాసుకోవాలి. ఏ మీట నొక్కినప్పుడు వచ్చిందో, ఎన్నోసారి వచ్చిందో కూడా నమోదు చేయాలి. ‘పనిచేయడం లేదు’ అని మాత్రమే చెబితే రూపకర్త ఏమీ చేయలేడు.

* మొదటిసారే లోపం వస్తే తప్పిపోయిన భాగాన్ని అనుమానించాలి. పదోసారి వస్తే అన్‌లోడ్ కాని ఫారాన్ని అనుమానించాలి. ఒక కంప్యూటర్‌లో వచ్చి మరో దానిలో రాకపోతే ఆఫీస్ రూపాన్ని, యాడ్-ఇన్‌లను, ప్రింటర్‌ను పోల్చి చూడాలి.

* ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాళీ ఫైల్ వాడాలి. నిరుటి ఫైల్‌నే ఈ ఏటికి దిద్దుకోవడం మానాలి.

* పైవన్నీ చూశాక కూడా 64 బిట్ ఎక్సెల్‌లో, ఒక్క ఫైల్ మాత్రమే తెరిచి ఉన్నప్పుడు లోపం వస్తుంటే, టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ పూర్తిగా నిండినట్లు కనిపిస్తుంటే, అప్పుడు ర్యామ్ గురించి ఆలోచించవచ్చు.

* చివరి తేదీ వరకు ఆగరాదు. ఫిబ్రవరి మొదటి వారంలోనే ఒకసారి ఫారం నింపి ముద్రించి చూసుకుంటే, లోపం ఉన్నా సరిదిద్దుకునేందుకు రూపకర్తకూ, వాడుకరికీ వ్యవధి ఉంటుంది.